పందొమ్మిది అంగుళాల మూఢనమ్మకం

జనగామలో నెట్‌వర్క్ సామాను అమ్మే దుకాణంలో అడగండి. మహబూబాబాద్‌లో సీసీ కెమెరాలు బిగించే కుర్రాళ్లని అడగండి. భూపాలపల్లిలో ఆఫీసులకు కంప్యూటర్లు సప్లై చేసే కాంట్రాక్టర్ని అడగండి. పాత కంప్యూటర్ సామానును ర్యాక్ క్యాబినెట్‌లో బిగించాలంటే ఏం చూసుకోవాలి అంటే వచ్చే జవాబు ఒకటే: “చూసుకునేదేముంది సార్, అన్నీ 19 ఇంచులే గద. ఏ ర్యాక్‌ల పెట్టినా పడ్తది.” వాళ్లనొక్కళ్లనే అని లాభం లేదు. ఇంజనీరింగ్ పట్టా చేతిలో ఉన్నవాళ్లు, టెండర్ కాగితాలు రాసేవాళ్లు, కాలేజీలో పాత కంప్యూటర్ల గ్యాలరీ పెట్టాలని ఉత్సాహపడే హెచ్‌ఓడీలు కూడా ఇదే మాట అంటున్నారు.

ఈ మాట తప్పు. ఇవాళ కొన్న స్విచ్చుకీ, నిన్న కొన్న సర్వర్‌కీ అది దాదాపు నిజమే. అందుకే దాని మీద అందరికీ అంత గురి. ముప్పై నలభై ఏళ్ల కిందటి యంత్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గురే యంత్రాన్ని పాడు చేస్తుంది, ఖర్మ కాలితే ఎదుట నిలబడ్డ మనిషి కాలు మీద ఆ యంత్రమే పడుతుంది.

అసలు ఆ 19 అంగుళాలు దేని కొలత? అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 1922 ప్రాంతంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఖాయం చేసుకున్న కొలత అది. యంత్రం ముఖాన ఉండే రేకు వెడల్పు 482.6 మిల్లీమీటర్లు. రెండు పక్కల బోల్టు రంధ్రాల నడిమి దూరం 465.1. రెండు నిలువు పట్టీల మధ్య యంత్రం ఒళ్లు దూరేందుకు వదిలే సందు 450. ఎత్తును ‘యూ’ల్లో లెక్కేస్తారు, ఒక యూ అంటే 44.45 మిల్లీమీటర్లు. ఆ కొలత హామీ ఇచ్చేది ఇంతే, ముందువైపు నుంచి కనిపించే ముఖం. వెనక్కి ఎంత పొడుగుండాలి, ఎంత బరువును మోయాలి, గాలి ఎటునుంచి ఎటు పోవాలి, యంత్రం బయటికి జారాలా కదలకుండా ఉండాలా, బోల్టు మర ఏ జాతిది అన్న ప్రశ్నలకు అందులో జవాబు లేదు. గుమ్మం వెడల్పు తెలిసినంత మాత్రాన లోపల మంచం పడుతుందో లేదో తెలిసిపోదు కదా.

ముఖం సంగతి కూడా అంత తేలిక కాదు. ముందు రంధ్రాలే చూద్దాం. ఇప్పటి క్యాబినెట్ పట్టీ మీద రంధ్రాలు సమదూరంలో ఉన్నట్టు కనిపిస్తాయి గానీ ఉండవు. 15.9, 15.9, 12.7 మిల్లీమీటర్లు, మళ్లీ మొదటికి. ఒక యూ ముగిసి ఇంకో యూ మొదలయ్యేది ఆ దగ్గర దగ్గరగా ఉన్న రెండు రంధ్రాల నడుమ. ఈ సంగతి తెలియనివాడు ఒక్క రంధ్రం పైకో కిందికో మొదలుపెడతాడు. మొదటి యంత్రం బ్రహ్మాండంగా కూర్చుంటుంది. రెండోదానికి అర అంగుళం సందు మిగులుతుంది, మూడోది ససేమిరా పట్టదు. అప్పుడు డ్రిల్లింగ్ మిషన్ బయటికొస్తుంది. పాత క్యాబినెట్లలో మరో తిరకాసు ఉంది. కొన్నింటికి నడిమి రంధ్రమే ఉండదు. 31.75, 12.7, మళ్లీ 31.75. నడిమి రంధ్రంలో బోల్టు పడేలా చేసిన యంత్రాన్ని అలాంటి పట్టీకి ఎలా బిగిస్తారు? దీనికీ డ్రిల్లే మందు అనుకుంటారు.

తర్వాత మరలు. ఇప్పటి క్యాబినెట్‌కి 9.5 మిల్లీమీటర్ల చదరపు రంధ్రాలుంటాయి, వాటిలో కేజ్ నట్ పెట్టి ఎం6 బోల్టు వేస్తాం. పాత అమెరికా క్యాబినెట్లలో పట్టీకే మరలు కోసి ఉంటాయి. ఎక్కువగా 10-32, కొన్నిట్లో 12-24. ఈ 10-32 దగ్గరే మన మెకానిక్కులు బోల్తా కొడతారు. దాని మర దూరం 0.794 మిల్లీమీటర్లు, మన ఎం5 బోల్టుది 0.8. దాదాపు ఒకటే. కానీ లావు 4.83, ఎం5ది 5. అందువల్ల ఎం5 బోల్టు పాత పట్టీలోకి రెండు చుట్లు సాఫీగా ఎక్కుతుంది, ‘పట్టింది పట్టింది’ అనిపిస్తుంది, మూడో చుట్టుకి బిగుసుకుంటుంది, అక్కణ్ణించి స్పానర్‌తో బలం చేస్తే లోపలి మరని నమిలేస్తుంది. అంతటితో యాభై ఏళ్లు నిలిచిన మర పోయింది. హార్డ్‌వేర్ షాపువాడు అబద్ధం చెప్పలేదు, దగ్గరున్న బోల్టు ఇచ్చాడు. అబద్ధం చెప్పింది ‘అన్నీ ఒకటే’ అన్న నమ్మకం.

ఇక లోతు, బరువు. అసలు ప్రమాదం ఉన్నది ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి పీడీపీ-11 మినీ కంప్యూటర్లకు తోడు వచ్చిన ఆర్‌కే05 డిస్క్ డ్రైవ్ బరువు దాదాపు 50 కిలోలు. అందులో పట్టే సమాచారం రెండున్నర మెగాబైట్లు. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక ఫొటో కూడా అందులో పట్టకపోవచ్చు. దాని తర్వాత వచ్చిన ఆర్‌ఎల్02 కొంత తేలిక, 34 కిలోలు. కానీ దాని డిస్క్‌ని పైనుంచి పెట్టాలి, అంటే ప్రతిసారీ డ్రైవ్ మొత్తాన్ని సొరుగులాగా క్యాబినెట్ ముందుకి లాగాలి. ముప్పై నాలుగు కిలోలు గాల్లో, క్యాబినెట్ కాళ్లకు అవతల వేలాడతాయి. ఆ కంపెనీ వాళ్లు దీన్ని లెక్కేసుకునే తమ హెచ్960 క్యాబినెట్ అడుగున ముందుకు లాగే కాళ్లు పెట్టారు. యంత్రాన్ని లాగేముందు కాలు లాగాలన్నది అక్కడి మొదటి పాఠం.

మన బజారులో దొరికే క్యాబినెట్‌కి ఆ కాళ్లెక్కడివి? ఆఫీసుల్లో సర్వసాధారణంగా కనిపించే 6యూ, 9యూ గోడ డబ్బాల లోతు అర మీటరు అటూఇటూ. వాటిలోకి ఈ డ్రైవ్ దూరనే దూరదు. పెద్ద 42యూ క్యాబినెట్ తెస్తే లోతు ఒక మీటరు, పాత స్లైడ్ పట్టాలు వెనక పట్టీని అందుకోవు. అందనప్పుడు ఏం చేస్తారు? ముందు రెండు చెవుల మీదే నాలుగు బోల్టులతో వేలాడదీస్తారు. ముఖపు రేకు కొన్నాళ్లకు వంగుతుంది. ‘19 ఇంచులే గద’ అన్నవాళ్లని ఆ రోజు పిలవండి, ఫోన్ ఎత్తరు.

ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వస్తుంది. ఇది అమెరికా షోకు కదా, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో పీడీపీ-11 ఎవరి దగ్గరుంది, ఎవరికోసం ఈ గోల అని. న్యాయమైన ప్రశ్నే. కానీ అడిగేవాళ్లు తమ చుట్టూ చూడకుండా అడుగుతున్నారు.

మన హైదరాబాద్ కుషాయిగూడలోని ఈసీఐఎల్ 1967లో ఏఎస్ రావు గారి సారథ్యంలో మొదలైంది. 1969లోనే టీడీసీ-12 అనే పన్నెండు బిట్ల కంప్యూటర్ని, 1970లలో పదహారు బిట్ల టీడీసీ-316ను తయారుచేసింది. ఐబీఎం దేశం విడిచిన 1978 నాటికి మన విద్యాసంస్థలూ పరిశోధనశాలలూ నమ్ముకున్న స్వదేశీ యంత్రాల్లో ఇవి ముఖ్యమైనవి. బల్ల మీద పెట్టే కంప్యూటర్లు కావు, నిలువెత్తు క్యాబినెట్లలో బిగించినవి. వీటిని దాచుకోవాల్సిన బాధ్యత కాలిఫోర్నియాకు లేదు, మనకే ఉంది.

అంత దూరం కూడా పోనక్కర్లేదు. 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ గ్రామాల కోసం 128 లైన్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ చేసింది. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పెట్టారు. ఆ తర్వాత సీ-డాట్ ఎక్స్ఛేంజీలు దేశమంతటా పల్లెలకు చేరాయి. కంప్యూటర్ చరిత్ర అంటే కీబోర్డు ఉన్నదే అనుకునేవాళ్లకు ఇది కంప్యూటర్‌లా కనపడదు గానీ, మైక్రోప్రాసెసర్ మీద నడిచిన యంత్రమే. రైల్వే సంగతి చూడండి: సికింద్రాబాద్–కాజీపేట–విజయవాడ రైలు దారి మీద జనగామ, మహబూబాబాద్ స్టేషన్లున్నాయి. అలాంటి దారుల్లో సిగ్నళ్లను నడిపే రిలే గదులు పోయి ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వస్తున్న కాలం ఇది. ఆ రిలేలు తగిలించే ర్యాకుల కొలతకీ మన 19 అంగుళాలకీ సంబంధం లేదు. ఒక్కో రిలే తనకంటూ చేసిన ప్లగ్ బోర్డులో కూర్చుంటుంది. భూపాలపల్లి పక్కన చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లతో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది, చుట్టూ సింగరేణి గనులున్నాయి. ఇలాంటి చోట్ల కంట్రోల్ ప్యానెళ్లు, కార్డులు బిగించిన సబ్‌ర్యాకులు కాలం చెల్లి మారుతూనే ఉంటాయి. ఇక ఆఫీసుల సంగతి: 1998లో రిజిస్ట్రేషన్లను కంప్యూటర్లకు మార్చిన ‘కార్డ్’ పథకంతో ఆ ఆఫీసుల్లోకి వచ్చిన తరం కంప్యూటర్లకు ఇప్పుడు పాతికేళ్లు దాటాయి. వాటిని పాత సామాను అంటారా, చరిత్ర అంటారా అన్నది మనం వాటిని ఎక్కడ పెడతామన్నదాన్ని బట్టి ఉంటుంది.

నిజానికి మన ఊళ్లలో ర్యాక్ ఎక్కించబోయే పాత సామానులో ఎక్కువ భాగం ర్యాక్ కోసం పుట్టిందే కాదు. టవర్ క్యాబినెట్లు, మోడెమ్‌లు, లావుపాటి పిక్చర్ ట్యూబ్ మానిటర్లు, డాట్ మాట్రిక్స్ ప్రింటర్లు. ‘టవర్‌ని పండబెట్టు, 19 ఇంచుల్లో పడ్తది’ అంటారు. పడుకున్న టవర్ పొడవు 42 నుంచి 45 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, పట్టీల మధ్య సందు 45. కొన్ని దూరతాయి, కొన్ని ముఖం మీది ప్లాస్టిక్ ముక్క దగ్గర ఆగిపోతాయి. ఆ ప్లాస్టిక్‌ని హాక్సా బ్లేడుతో కోసేసి ‘ఫిట్టింగ్ అయిపోయింది’ అంటే నేనేం చెప్పను! ఆ ముఖమే కదా జనం గుర్తుపట్టేది. దూరినా సరే, పక్కకు తిప్పిన సీడీ డ్రైవ్ ట్రేలో డిస్క్‌ని పట్టుకునే కొక్కేలు లేకపోతే అది నిలవదు. మానిటర్‌ది ఇంకో లెక్క. దాని బరువంతా ముందు అద్దంలో ఉంటుంది. ముందు పట్టీలకు మాత్రమే తగిలించే అర షెల్ఫ్ మీద దాన్ని వెనక్కి తిప్పి పెడితే షెల్ఫ్ చివర వేలాడుతుంది, ముందుకు తిప్పి పెడితే పట్టీకి దగ్గరగా భద్రంగా కూర్చుంటుంది. నాలుగు స్తంభాలకూ బిగించే పూర్తి షెల్ఫ్ ఉంటే ఈ తంటాయే లేదు. ప్రింటర్‌ని మాత్రం దయచేసి బల్ల మీదే ఉంచండి, కాగితం వెనకనుంచి రావాలి.

గాలి మాటకొస్తాను. ఇప్పటి సర్వర్ ముందునుంచి చల్లగాలి పీల్చి వెనక్కి వదులుతుంది, కాబట్టి ఇప్పటి క్యాబినెట్ తలుపులకు జల్లెడ లాంటి రంధ్రాలుంటాయి. పాత యంత్రాలు చాలావరకు పక్కలనుంచో కిందినుంచి పైకో గాలి లాగుతాయి. వాటిని పక్కలు మూసిన డబ్బాలో పెట్టి, పైగా అందం కోసం ముందు అద్దం తలుపు బిగిస్తే వైశాఖ మాసంలో లోపల ఏమవుతుందో మనవాళ్లకి చెప్పాలా? సీ-డాట్ ఇంజనీర్లు మన ఎండల్ని తలుచుకునే పల్లె ఎక్స్ఛేంజీని ఏసీ అక్కర్లేకుండా చేశారు. వేడి తనంతట తాను పైకి పోయేలా కార్డుల మధ్య, ఫ్రేముల మధ్య ఖాళీలు వదిలారు. ఆ ఖాళీని చూసి ‘జాగా వేస్ట్ అవుతుంది’ అని ఫ్రేముల్ని ఒకదానికొకటి ఆనించి పేర్చేవాళ్లు ఆ డిజైన్‌లో సగాన్ని పారేసినట్టే. ఆ ఖాళీ కూడా యంత్రంలో భాగం.

ధూళి కూడా ఉంది. భూపాలపల్లిలో బొగ్గు పొడి గురించి ఎవరికీ పాఠం అక్కర్లేదు, కిటికీ గడప మీద వేలితో గీస్తే తెలుస్తుంది. పాత డిస్క్ డ్రైవ్‌లో రీడింగ్ హెడ్ పళ్లేనికి వెంట్రుక వాసిలో తేలుతుంది, మధ్యలో ఒక నలుసు పడితే రెండూ పాడవుతాయి. అందుకే వాటిలో గాలి ఫిల్టర్లు పెట్టారు. ఆ ఫిల్టర్ల ముందుండే స్పాంజీ ఇన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. కాపాడాల్సిన స్పాంజీయే ధూళిగా మారి లోపలికి పోతుంది. బిగించే ముందే దాన్ని తీసి శుభ్రం చేయాలి. బిగించాక చేయడానికి చోటుండదు.

నీళ్లు మరో సంగతి, ర్యాక్ పుస్తకాల్లో కనపడనిది. బరువైనది అడుగున, తేలికైనది పైన అన్నది ప్రపంచమంతా చెప్పే సూత్రం. ఒప్పుకుంటాను. కానీ మన జిల్లాల్లో నీళ్లు కూడా అడుగునుంచే వస్తాయి. 2023 జులై 27న మోరంచవాగు మోరంచపల్లిని ముంచితే జనాన్ని హెలికాప్టర్లతో తీయాల్సి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. బరువు సూత్రాన్ని వదలకుండా నీళ్లనుంచి కాపాడుకోవాలంటే సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద క్యాబినెట్ పెట్టి, నేలకు బోల్టులతో బంధించాలి. దిమ్మె ఎత్తు అడుగా, రెండడుగులా అన్నది ఆ గదిలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో తెలిసిన పాత అటెండర్ని అడిగి నిర్ణయించుకోవాలి. క్యాటలాగ్‌ని అడిగితే చెప్పదు.

ఎర్తింగ్ గురించి ఒక్క మాట. కొత్త క్యాబినెట్‌కి పౌడర్ కోటింగ్ ఉంటుంది, ఆ రంగు కరెంటుని ఆపుతుంది. యంత్రం ఇనుమూ క్యాబినెట్ ఇనుమూ తాకుతున్నట్టే ఉంటాయి గానీ మధ్యలో రంగు పొర. పాత యంత్రాలకు లీకేజీ కరెంటు ఎక్కువ. రంగు గీకి, పళ్లున్న వాషర్ వేసి, విడిగా ఎర్త్ తీగ లాగకపోతే ఒకరోజు ముట్టుకున్నవాడికి తెలుస్తుంది.

చివరికి అలసిపోయి ఒక వాదం తెస్తారు: “యంత్రమే ఎందుకు? సాఫ్ట్‌వేర్‌లో నడిపితే చాలదా?” బాబ్ సప్నిక్ 1993లో మొదలుపెట్టిన సిమ్‌హెచ్ లాంటి ఇమ్యులేటర్లు నిజంగా గొప్పవి, పీడీపీ-11ని ఇవాళ్టి ల్యాప్‌టాప్‌లో నడిపించొచ్చు. నేను వాటికి వ్యతిరేకిని కాను. ప్రోగ్రాములు బతకడానికి అవే దిక్కు. కానీ ఇమ్యులేటర్‌కి బరువు లేదు, వేడి లేదు, చప్పుడు లేదు. కంప్యూటర్ ఒక గదిని ఎందుకు ఆక్రమించేదో, దాని పక్కన పనిచేసే మనిషి ఎందుకు ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాడో ఆ తెర మీద కనపడదు. పైగా ఈ వాదం చేసేవాళ్లు ఇమ్యులేటర్ నడిపి చూపించరు. పాత సామాను తూకానికి అమ్మడానికి అదొక సాకు, అంతే.

నాకు అసలు కోపం గ్రైండర్ మీద. పట్టకపోతే కోసేయడం, అందకపోతే యంత్రం ఒంటికే యాంగ్లర్ వెల్డింగ్ చేయడం. ఒక కాలేజీలో పాత యంత్రం పక్క రేకుల్ని ఇలాగే కోసి, ‘హెరిటేజ్’ అని బోర్డు తగిలించిన తీరు కళ్లారా చూశాను. వెల్డర్‌ని నేను తప్పుపట్టను. ట్రాక్టర్ ట్రాలీలు చేసేవాడికి, ఇనుప మంచాలు చేసేవాడికి రెండు మిల్లీమీటర్ల రేకుతో షెల్ఫ్ చేయడం, యాంగ్లర్‌తో జోడింపు చెవులు చేయడం చిటికెలో పని. మీరు గీత గీసి కొలతలు ఇవ్వలేదు. ‘19 ఇంచులు’ అని చెప్పి టీ తాగడానికి పోయారు. అతను తన దగ్గరున్న గ్రైండర్‌తో మిగతా కొలతలు కనుక్కున్నాడు. మార్పేదైనా షెల్ఫ్ మీద చేయండి, క్యాబినెట్ మీద చేయండి, మధ్యలో జోడించే ముక్క మీద చేయండి. యంత్రం మీద చేయకండి. షెల్ఫ్ చెడితే ఇంకోటి చేయించొచ్చు.

ఇంతకీ ఏ క్యాబినెట్టూ ఏ యంత్రానికీ ఆఖరిది కాదు. పాల్ అలెన్ పెట్టిన సియాటెల్ లివింగ్ కంప్యూటర్స్ మ్యూజియం 2012 నుంచి జనానికి పాత యంత్రాల్ని నడిపి చూపించింది, 2020లో మూతపడింది, 2024లో దాని సామాను వేలానికి వెళ్లింది. డబ్బుకు కొదవలేని చోటే ఇలా జరిగింది. మన దగ్గరా 2016 అక్టోబరు 11న వరంగల్ జిల్లా విడిపోయినప్పుడు ఆఫీసులు ముందు దొరికిన భవనాల్లోకి పోయాయి. జనగామలో 2022 ఫిబ్రవరిలో, మహబూబాబాద్‌లో 2023 జనవరిలో కొత్త సమీకృత కలెక్టరేట్లు తెరుచుకున్నాయి. ప్రతి మార్పులోనూ బీరువాలు, ర్యాకులు, యంత్రాలు లారీలెక్కుతాయి. ఇవాళ మీరు కోసిన యంత్రం రేపు ఇంకొకరి క్యాబినెట్‌లోకి పోవాలి. మీ గదికి సరిపోయేలా కోస్తే ఇంకే గదికీ సరిపోదు.

ఖర్చు ఎక్కువవుతుంది అంటారా? టెండర్ కాగితం తీయండి. ‘19 అంగుళాల 42యూ ర్యాక్, నల్ల రంగు, అద్దం తలుపు’ అని ఉంటుంది. తలుపుకి అద్దం ఉండాలని రాయడానికి ఓపిక దొరికిన చేతికి ఇవి కూడా రాయడం భారం కాదు: లోపల వాడుకునే లోతు ఎంత, ముందు వెనక పట్టీల్ని జరుపుకోవచ్చా, రంధ్రం చదరమా, కోసిన మరా, మర అయితే ఏ మర, ఒక్కో షెల్ఫ్ ఎన్ని కిలోలు మోయాలి, ముందుకు లాగే కాళ్లు ఉన్నాయా, పక్క రేకులు ఊడతాయా, ఎర్త్ బోల్టు ఎక్కడ. యంత్రం దగ్గరికి టేపు తీసుకెళ్లి, ముఖమే కాకుండా వెనక భాగం కూడా కొలిచి వచ్చినవాడు ఈ వివరాలన్నీ ఒక పూటలో రాసేస్తాడు. అద్దం తలుపు డబ్బులు మిగిల్చి దిమ్మెకి పెట్టుకోవచ్చు.